అరగంట ఇంజను

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరికీ గడియారంతో పని లేదు. ఇంజను ఆగిందంటే పదిన్నర అయినట్టే. అంత కచ్చితంగా ఆగేది మహాతల్లి.

మాది కోడిపిల్లల్ని పొదిగించే షెడ్డు. బీరువాల్లాంటి మిషన్లు రెండు. మొదటిదానిలో గుడ్లు పద్దెనిమిది రోజులుంటాయి. తర్వాత రెండోదానిలోకి మారిస్తే ఇరవై ఒకటో రోజుకి పిల్లలు. తల్లికోడి చేసే పనే ఇదీనూ. కాకపోతే తల్లికోడికి కరెంటు అక్కర్లేదు, మా మిషన్లకి కావాలి. లోపల వేడి తొంభై తొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర నిలబడాలి, ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. మొదట్లో గుడ్డుకి మనం వేడి పెట్టాలి గానీ, పది రోజులు దాటాక లోపలి పిల్ల పెరిగి తనే వేడి పుట్టిస్తుంది. నాలుగు వేల గుడ్లు ఒక్కచోట, బయట మాడ్చే ఎండ, అప్పుడు ఫ్యాను ఆగిందనుకోండి, ముప్పావుగంటలో లోపలున్నవి లోపలే పోతాయి.

ఆ ఏడాది రోజూ పొద్దున పదింటికి కరెంటు తీసి మధ్యాహ్నం రెండింటికి ఇచ్చేవారు. ఆ నాలుగు గంటలూ వెనక రేకుల గదిలో ఉన్న డీజిల్ జనరేటరే మాకు దిక్కు. అది కాస్తా వేసవి మొదట్లోనే మొరాయించింది. నడుస్తూ నడుస్తూ ఆగడం, మళ్లీ బతిమాలితే లేవడం. డీజిలు మంచిది కాదని ఒకరు, బ్యాటరీ అని ఒకరు అంటూండగానే ఆ విడత గుడ్లు సగం పైన పోయాయి. వాటిని బుట్టలకెత్తి పారబోసిన రోజున మా ఆయన అన్నం ముందు కూర్చుని ఒకే మాట అన్నారు.

"ఇంకో విడత చూస్తా. అదీ పోతే మిషన్లు అమ్మేసి తలుపులకి తాళం పెట్టేస్తా."

ఆయన కోపంగా అని ఉంటే నేను భయపడేదాన్ని కాదు. మెల్లగా, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి అన్నారు. ఇరవై ఏళ్లు ఇద్దరం కలిసి నిలబెట్టిన షెడ్డది.

కొత్త విడత గుడ్లు పెట్టాక పదకొండు రోజులు జల్లులు పడ్డాయి, కరెంటు తీయలేదు. హమ్మయ్య అనుకున్నాం. పన్నెండో రోజున ఎండ తిరిగొచ్చింది, కోతా తిరిగొచ్చింది.

మా ఇంట్లో ఎవరి రాజ్యం వాళ్లది. జనరేటరు గది మా ఆయనది. అందులో టాంకు మరీ ఆయనది. డీజిలు ఎవరైనా పట్టుకుపోతారని తాళం మూత పెట్టించి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకు తిరిగేవారు. మా అబ్బాయి వ్యాను వేసుకుని పిల్లల పెట్టెలు ఊళ్లకి చేర్చేవాడు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉండేవాడు. కోడలు వచ్చి ఏడాది. మనిషి మాట్లాడదు, రాస్తుంది. పావుగంటకోసారి మిషన్ల దగ్గరికెళ్లి వేడి ఎంతుందో చూసి పుస్తకంలో ఎక్కించడం ఆ పిల్ల పని. ఏది చూసినా ఎక్కించేది. ఒకసారి "పదకొండుంబావు, వేడి నూరు, మామయ్యగారు తుమ్మారు" అని కూడా రాసింది.

ఇక శుభ్రత నాది. పిల్లలు బయటికొచ్చిన రోజు వాటి ఒంటి నూగు ఎండి పొగలా లేచి ప్రతి సందులోనూ దూరుతుంది. అది ఎక్కడైనా మిగిలితే తర్వాతి విడతకి రోగమే. అందుకని నేను కడగనిది లేదు, తుడవనిది లేదు. కిటికీ సందుల్లో గుడ్డపేలికలు, గోడ బెజ్జాల్లో సిమెంటు. చీమ తల పట్టే కన్నం కనిపించినా నాకు నిద్ర పట్టేది కాదు. చేతులు మూడుసార్లు కడగందే సొంత కొడుకుని కూడా గడప దాటనిచ్చేదాన్ని కాదు. నేను చదివింది మూడో తరగతి. కానీ ఏ రోజు ఎవరు ఏమన్నారో, ఏ చొక్కా వేసుకుని అన్నారో ముప్పై ఏళ్ల తర్వాత అడిగినా చెప్తాను. మా ఆయనకి నాలో నచ్చని గుణం అదొక్కటే.

పన్నెండో రోజు ఇంజను ఆగగానే మా తమ్ముడికి కబురు పెట్టాం. చుట్టుపక్కల ఇంజన్లన్నిటికీ వాడే డాక్టరు. మనిషి సన్నం, మీసం లావు. వేసవి మొదట్లో ఒకసారి వచ్చి ఇంజనుకి సర్వీసింగు చేసి వెళ్లాడు. ఆ తర్వాత ఏదో మిల్లు పనిలో ఇరుక్కుని, ఇదిగో ఇప్పుడు దొరికాడు.

"ఏంటి బావా, ఏమంటోంది?"

"ఏమంటుంది, అచ్చం మీ అక్కే. హుషారుగా మొదలవుతుంది, మధ్యలో అలుగుతుంది."

"మా అక్క అలక అరగంటలో తీరుతుందా బావా? నాకు తెలిసి మూడు రోజులు."

"నేనలిగితే ఇవాళ ఇద్దరికీ అన్నం ఉండదు. ముందు పని చూడండి," అన్నాను, మిషను తలుపు తీసి అట్టముక్కతో గుడ్లకి విసురుతూ. పక్కన కోడలు నూటొకటి అని రాసింది. నూట మూడు దాటితే ఇక ఆశ లేదు.

వాడు ఇంజను మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడ్డాడు. జ్వరం చూస్తున్నట్టు. తర్వాత ఫిల్టరు నెత్తినున్న చిన్న బోల్టు పానాతో వదులు చేసి, పంపుకి ఉన్న మీట బొటనవేలితో టకటకా నొక్కాడు. బోల్టు పక్కనుంచి నురగ వచ్చింది.

"గాలి పట్టింది," అన్నాడు. "అక్కా, ఇలా చూడు. డీజిలు టాంకులోంచి సన్న పైపులో దిగి, ఈ ఫిల్టరులో వడకట్టుకుని, పంపులోకెళ్లి ఇంజను గొంతులో పడుతుంది. ఈ దారిలో గాలి చేరిందంటే ఇక డీజిలు రాదు. గాలి పోయేదాకా నొక్కాలి."

నురగ పోయి బుడగలొచ్చాయి. బుడగలు పోయి డీజిలు దారంలా వచ్చింది. బోల్టు బిగించాడు. ఈలోపు మా ఆయన తాళం తీసి టాంకు చూసుకుని, డబ్బాలతో మూతిదాకా నింపేశారు. ఇంజను భడభడమని లేచింది. మా ఆయన బావమరిది వీపు చరిచారు. సరిగ్గా అరగంటకి ఆగింది.

అది మొదలు. పదమూడో రోజు ఫిల్టరు మార్చాడు. అరగంట. పద్నాలుగో రోజు రాగి వాషర్లన్నీ మార్చి, పైపు అతుకులన్నిటికీ సబ్బు నురగ పూసి ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని ముక్కు ఆనించి చూశాడు. ఒక్క బుడగ లేదు. అరగంట. పదిహేనో రోజు పంపు లోపలి రబ్బరు మార్చాడు. ఆ రోజు డీజిలు బండి రాక టాంకు సగమే ఉంది. దాదాపు రెండు గంటలు నడిచింది. దొరికిందిరా రోగం అని అందరం టీలు తాగాం. మా ఆయన మధ్యాహ్నం డీజిలు తెప్పించి నిండుగా పోశారు. పదహారో రోజు మళ్లీ అరగంట.

ఆగిన ప్రతిసారీ ఒకటే తంతు. నేనూ కోడలూ తలుపులు తీసి విసరడం, వాడు గాలి తీయడం, మా ఆయన మూత తీసి టాంకు నింపడం. "నిండుగా ఉంటే తోపు బాగుంటుంది," అని ఆయన సిద్ధాంతం. మూత తీసినప్పుడల్లా టాంకు బుస్సుమనేది. "వేడికి పాపం ఇది కూడా ఆయాసపడుతోంది," అనేవారు.

"బావా, టాంకు పక్కనపెట్టి ఒక డబ్బాలో డీజిలు పోసి, అందులోంచి నడిపి చూద్దామా?" అన్నాడు వాడు ఒకసారి.

"ఎందుకు? నా టాంకుకేం? ఉగాదికి కడిగిన గిన్నెలా ఉంది లోపల. నీ చేతికి చిక్కనిదల్లా నా టాంకు మీద పెడతావేం?"

అలాంటి మాట ఆయన నోట వచ్చిందంటే నిజంగా నొచ్చుకున్నారన్నమాట. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బావ కదా. మా పుట్టింటివాళ్లు మర్యాదలో ఎక్కువ.

"నీ హస్తవాసి గొప్పదోయ్," అనేవారు మా ఆయన అన్నాల దగ్గర. "ఏం చేసినా అరగంట గ్యారంటీ."

మొదట్లో వాడు కూడా నవ్వేవాడు. పదహారో రోజుకి నవ్వు ఆపేశాడు. అన్నం సరిగా తినలేదు. చేతులు కడుక్కుంటూ నాతో, "ఇక మిగిలింది పెద్ద పంపేనక్కా. ఊడదీసి పట్నం తీసుకెళ్లాలి. వాళ్లు రెండు రోజులంటారు, మూడు చేస్తారు," అన్నాడు. మూడు రోజులు ఇంజను లేకపోతే గుడ్ల గతేమిటో ఇద్దరికీ తెలుసు.

పదిహేడో రోజు పొద్దున పదిన్నరకి ఆగింది, గాలి తీశారు, మళ్లీ లేచింది. ఇంకో ఇరవై నిమిషాలు నడుస్తుంది, ఈలోపు వంట కానిద్దామని నేనూ కోడలూ వంటింట్లోకి వచ్చాం. మా తమ్ముడు పంపు తీసుకెళ్లడానికి ఆటో మాట్లాడాలని రోడ్డు మీదికెళ్లాడు. మా ఆయన మిషన్ల గదిలో వేడి చూసే గొట్టం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు, అది ఎక్కడికైనా పారిపోతుందేమో అన్నట్టు.

కోడలు కొత్త నూనె డబ్బాకి మేకుతో కన్నం పొడిచి మూకుట్లోకి వంచింది. కొంచెం కారి ఆగిపోయింది.

"అత్తయ్యా, నూనె రావట్లేదు."

"ఒక్క కన్నంతో ఎలా వస్తుందమ్మాయ్? పక్కన ఇంకోటి పొడువు. గాలి లోపలికెళ్తేనే కదా నూనె బయటికొచ్చేది..."

ఆ మాట అని నేను చేతిలో గరిట చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయాను.

వేసవి మొదట్లో సర్వీసింగుకి వచ్చినప్పుడు మా తమ్ముడు ఒక మాట చెప్పి వెళ్లాడు. "అక్కా, ఈ డీజిలు ఇంజనుకి దుమ్మే పగవాడు. ఒక్క నలక పోయినా ప్రాణం తీస్తుంది." అప్పుడు వాడి ఒంటి మీద నీలం గళ్ల చొక్కా. వాడు వెళ్లిన మర్నాడు, ఇంజను ఆగి ఉండగా, నేను ఎప్పట్లాగే ఆ గది తుడిచాను. టాంకు మూత మీద తాళం రేకు పక్కన గుండుసూది తల అంత బెజ్జం కనిపించింది. అయ్యయ్యో, ఇంత తాళం వేసి ఇంత బెజ్జం వదిలేశారే, దుమ్మంతా ఇందులోంచేగా పోయేది అనుకున్నాను. కొవ్వొత్తి వెలిగించి రెండు చుక్కలు మైనం వేసి, వేలితో నున్నగా అదిమి, పైన గుడ్డతో మెరుగు కూడా పెట్టాను. అదేం పెద్ద పనని ఎవరికైనా చెప్పడానికి?

నిండుగా పోసిన రోజు అరగంట. డీజిలు బండి రాని రోజు రెండు గంటలు. మూత తీసినప్పుడల్లా బుస్సు. ఒక్కొక్కటీ వచ్చి నా ముందు వరసగా నిలబడ్డాయి. పోయిన విడత గుడ్లు కూడా వచ్చి నిలబడ్డాయి.

కుట్టుపెట్టెలోంచి సూది తీసుకుని వెనక గదిలోకి నడిచాను. నడుస్తున్న ఇంజను దగ్గరికి నేనెప్పుడూ వెళ్లలేదు, కొంగు బెల్టులో పడుతుందని మా ఆయన తిట్టేవారు. కొంగు నడుముకి బిగించాను. ఇంజను అప్పటికే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు తడబడుతోంది. మైనంలోకి సూది దింపి తిప్పాను. ఊడిన మైనం ముక్కని లోపలికి పడకుండా గోటితో పైకి లాగాను. బెజ్జం మీద వేలు పెడితే పసిపిల్ల పాలు తాగినట్టు నా వేలి చర్మాన్ని లాక్కుంది. ఆ చప్పుడులో ఏమీ వినపడలేదు గానీ, వేలు తీయగానే టాంకు ఊపిరి పీల్చుకోవడం నా చేతికి తెలిసింది. నాలుగు నిమిషాలకి తడబాటు పోయింది. ఇంజను నిదానంగా, ఒకే స్థాయిలో పాడుకోవడం మొదలుపెట్టింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో కోడలు. చేతిలో పుస్తకం.

"అత్తయ్యా, మీరు ఇందులోకి వచ్చింది రాయనా?"

"నువ్వెందుకు వచ్చావు?"

"పావుగంటైందిగా. వేడి చూసి, ఇంజను కూడా చూసి వెళ్దామని."

"ఇది రాయకమ్మా," అన్నాను.

ఆ పిల్ల నా చేతిలో సూదినీ, నా మొహాన్నీ చూసింది. కలం మూత పెట్టేసింది.

ఇంజను రెండింటిదాకా ఆగలేదు. కరెంటు వచ్చాక మేమే ఆపాం. మా ఆయన బావమరిదిని కావలించుకున్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగలేదది. వాడు కొయ్యబొమ్మలా నిలబడ్డాడు.

"ఏం చేశావురా?"

"ఏం చేయలేదు బావా. పొద్దున గాలి తీశాను, రోజూ తీసినట్టే."

"చూశావా వినయం! మీ అక్కకి లేనిదల్లా నీకిచ్చాడు దేవుడు."

ఆ సాయంత్రం అన్నాలప్పుడు మా ఆయన వాడికి ఫ్యాను కింద పీట వేయించారు. వాడు తినలేదు. ఊళ్లోవాళ్లందరి చేతులు కడిగించినదాన్ని, నా చేత్తోనే రెండు వేల ప్రాణాలకి మూత పెట్టాను. ఎలా చెప్పను? ఇప్పుడు నడుస్తోందిగా, పిల్లలొచ్చాక చెప్దాంలే, చెప్పకపోయినా ఏం పోయిందిలే అని మనసుకి నచ్చజెప్పుకున్నాను. నా మనసు ఎప్పుడూ నాతో బాగా ఏకీభవిస్తుంది.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే గుడ్లని రెండో మిషనులోకి మార్చాం. ఒక్కోటీ చేతిలోకి తీసుకుంటే లోపల బరువు తెలుస్తుంది. నాలుగు గంటలూ ఇంజను చెక్కుచెదరలేదు. రెండింటికి ఆపగానే మా తమ్ముడు పానాల సంచీ తెచ్చి ఇంజను ముందు విప్పాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నారు మా ఆయన.

"పంపు విప్పుతున్నాను."

"నడుస్తున్నదాన్ని విప్పుతావా? నీకేమైనా పిచ్చెక్కిందా?"

"బావా, అది ఎందుకు ఆగిందో నాకు తెలియలేదు. ఎందుకు నడుస్తోందో అసలే తెలియలేదు. తెలియకుండా నడిచింది తెలియకుండానే ఆగుతుంది. అదీ ఇరవయ్యో రోజు, పిల్లలు గుడ్డు పగలగొట్టే వేళ. ఇప్పుడు తీసుకెళ్తే వాళ్ల కాళ్లు పట్టుకునైనా రేపు పదింటికల్లా తెస్తాను."

"తేలేకపోతే?"

వాడు మొదటి నట్టుకి పానా తగిలించాడు.

ఐదు రోజులు బాగుచేయమని బతిమాలిన మా ఆయన ఇప్పుడు బాగుచేయొద్దని బతిమాలుతున్నారు. ఇంకెప్పుడైనా అయితే నేను పడీపడీ నవ్వేదాన్ని. నట్టు కిర్రుమంది.

"అమ్మాయ్," అని పిలిచాను. "పుస్తకం తే."

కోడలు వచ్చింది.

"నిన్నటి పేజీ తియ్యి. తీశావా? రాయి. పదకొండు గంటలప్పుడు అత్తయ్య జనరేటరు గదిలోకి వెళ్లింది. సూది పట్టుకెళ్లింది. టాంకు మూత బెజ్జంలో మైనం తీసింది. రాశావా? ఇప్పుడు వేసవి మొదటికి వెళ్లు. ఆ మైనం పెట్టింది కూడా అత్తయ్యే. దుమ్ము పోతుందని పెట్టింది. ఎవరికీ చెప్పలేదు."

మా తమ్ముడు పానా అక్కడే వదిలి లేచాడు. మూత మీద వేలు పెట్టి తడిమాడు. మిగిలిన మైనం పొర గోటికి అంటింది. దాన్ని చాలాసేపు చూశాడు.

"పోయిన విడత కూడానా?" అన్నారు మా ఆయన.

"అదీ నేనేనండీ."

ఆయన తల వంచుకున్నారు. జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని కోడలితో అన్నారు. "అమ్మాయ్, ఇంకోటి రాయి. మూత తాళంచెవి మామయ్య జేబులో ఉంది. ఎవరినీ ముట్టనివ్వలేదు. మూత తీసినప్పుడల్లా బుస్సుమంటే, వేడికని చెప్పాడు. ఆగినప్పుడల్లా నింపి నింపి ఇంకా తొందరగా ఆపాడు."

"నాది కూడా రాయమ్మాయ్," అన్నాడు మా తమ్ముడు. "ఎక్కడికెళ్లినా మొదట చూసేది టాంకు మూతే. ఇక్కడ చూడలేదు. డబ్బా పెట్టి నడుపుదామని అడిగాడు, బావ కసిరితే నోరు మూసుకున్నాడు. అదీగాక, ఒక్క నలక పోకూడదని అక్కకి చెప్పిందే వాడు. రాయి."

"కొంచెం మెల్లగా చెప్పండి," అంది కోడలు. "చెయ్యి నొప్పెడుతోంది."

ముందు ఎవరు నవ్వారో, ఇన్ని గుర్తున్నదాన్ని అది మాత్రం నాకు గుర్తులేదు. మా తమ్ముడు నేల మీద కూలబడి మీసం తడిసేలా నవ్వాడు. మా ఆయన గోడ పట్టుకున్నారు. నవ్వు సగంలో నాకు ఏడుపొచ్చింది. ఆయన చూసి చూడనట్టు, ఆ తాళంచెవిని నూనె మరకల బల్ల మీద నా వైపుకి నెట్టారు.

"ఉంచు. ఇంట్లో ఇంకా ఏమేం మూశావో కూడా ఇప్పుడే చెప్పెయ్."

వెళ్లేముందు మా తమ్ముడు నాకూ కోడలికీ గాలి తీయడం నేర్పాడు. ఏ బోల్టు, ఎన్ని చుట్లు వదలాలి, మీట ఎలా నొక్కాలి. నాలుగుసార్లు నా చేత చేయించాడు. "అక్కా, బోల్టు పూర్తిగా ఊడదీయకు. నీకు దాన్ని కూడా కడగాలనిపిస్తుంది," అన్నాడు. పంతొమ్మిదో రోజు పొద్దున్నే మిల్లుకి వెళ్లిపోయాడు.

ఇరవయ్యో రోజు. గుడ్ల మీద సన్నటి నెర్రెలు. తలుపుకి చెవి ఆనిస్తే లోపల వేల గొంతులు కిచకిచమంటున్నాయి. పన్నెండు దాటింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మా ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. నేను పరుగున వెళ్లి తాళం తీసి టాంకులోకి పుల్ల దింపాను. పుల్ల పొడిగా వచ్చింది. ఆ వేసవంతా నాలుగు గంటలు నడవని ఇంజను కదా, మూడు రోజులుగా హాయిగా నడుస్తుంటే దానికి డీజిలు అయిపోతుందన్న సంగతి ఇంటిల్లిపాదికీ తట్టలేదు! ఇన్నాళ్లూ ఆగినందుకు పోశాం. ఆగకపోతే పోయాలని ఎవరికి గుర్తుంటుంది?

"డబ్బా తెండి," అన్నాను.

"వాడికి కబురు..."

"వాడొచ్చేసరికి ఉడుకుతాయి. డబ్బా తెండి, పోయండి, మూత పెట్టి ఇటు రండి."

ఆయన పోశారు. నేను బోల్టు వదులు చేశాను, రెండు చుట్లు. "మీట నొక్కండి. టకటకా. ఆగకండి." ఆయన నొక్కుతున్నారు. నురగ వచ్చింది. నురగే, నురగే. లోపల్నుంచి కోడలు గొంతు: "నూటొకటిన్నర!"

"వస్తోందా?" అన్నారు ఆయన, చెమట కళ్లలో పడుతుంటే.

"మాట్లాడకండి, నొక్కండి."

బుడగలు. "నూట రెండు!" బుడగలు సన్నబడ్డాయి. ఒకటి టప్పుమంది. తర్వాత తేనెలాంటి దారం, తెగకుండా, నా వేళ్ల మీదుగా మణికట్టుదాకా కారింది. బోల్టు బిగించి, "తిప్పండి!" అన్నాను. ఒకసారి గురక పెట్టింది. రెండోసారి ఊళ పెట్టింది. మూడోసారి రేకులు అదిరేలా లేచింది. మిషన్ల గదిలో ఫ్యాను తిరిగిన చప్పుడూ కోడలి కేకా ఒకేసారి వినిపించాయి.

ఆ పిల్ల నా చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లింది. అద్దంలోంచి చూస్తే మొదటి ట్రేలో ఒక పిల్ల, తడిసిన దూదిపింజలా, సగం పెంకు నెత్తిన పెట్టుకుని నిలబడలేక నిలబడుతోంది. దాని పక్కది పెంకులో ఇరుక్కుని కొట్టుకుంటోంది. ఇంకేం ఆలోచించలేదు. తలుపు తీసి దాన్ని చేతిలోకి తీసుకుని పెంకు వదిలించాను. తర్వాత చూస్తే దాని వీపు మీద నా బొటనవేలు, గీతలతో సహా నల్లగా అచ్చుపడి ఉంది.

మర్నాటికి మూడు వేల ఐదువందల పైచిలుకు వచ్చాయి. షెడ్డంతా పసుపు రంగు. మా అబ్బాయి వ్యాను కడిగి వెనక తలుపులు తెరిచిపెట్టాడు. మా తమ్ముడు మిల్లు పని వదిలి వచ్చి, ఇంత పెద్ద ఇంజన్లు విప్పినవాడు ఒక్క కోడిపిల్లని పట్టుకోవడానికి భయపడుతూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడొచ్చాడు పిల్లల వ్యాపారి. మా సంగతి ఎక్కడో చెవిన పడిందేమో, పెట్టెలు చూస్తూనే మిషన్ల వైపు కూడా ఒక కన్ను వేశాడు. ఒక పెట్టెలోంచి పిల్లని తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇదేం జాతండీ? వీపు మీద నల్లమచ్చ?"

"అది మా ఆవిడ జాతి," అన్నారు మా ఆయన. "ఆగమన్నా ఆగదు." దాన్ని వాడి చేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు. "ఇది అమ్మను."

"సరే, ఇది వద్దు. మిషన్లు అమ్ముతున్నారని విన్నాను. వాటి సంగతేంటి?"

మా ఆయన నా వైపు చూశారు. "నన్నడిగితే ఏం లాభం? ఆవిణ్ణి అడుగు."

నేను అప్పుడే టాంకు నింపి, జనరేటరు గది గుమ్మంలో మోచేతులదాకా డీజిలుతో నిలబడి ఉన్నాను.

"ఇప్పుడు నాకు చేతులు ఖాళీ లేవు నాయనా," అన్నాను. "రేపు రా, మాట్లాడుకుందాం."

పాపం, మంచివాడు. ఆ రేపు కోసం వాడు పదకొండేళ్లు తిరిగాడు. వచ్చినప్పుడల్లా రెండు పెట్టెల పిల్లల్ని కొనుక్కుని వెళ్లేవాడు.